గాలివానకు పొలిమేర లేదు

చీరాల సమీపమున సముద్రపుటొడ్డున మోటుపల్లి అను చిన్న గ్రామము కలదు. అచ్చటి వీరభద్రాలయమున నిలిచియున్న శిలాస్తంభముపై కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244 ప్రాంతమున చెక్కించిన శాసనమును చరిత్రకారులు అభయ శాసనమందురు. అంతకుముందు ఈ తీరమున ఒక దురాచారముండెడిది. గాలివానలో చిక్కి దారి తప్పిన ఓడ గాని, పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడ గాని రేవును చేరినచో, అందలి బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సమస్తమును ఆ తీరమునేలు రాజు బలవంతముగా గైకొనెడివాడు. సముద్రము దోచగా మిగిలినదానిని రాజు దోచెడివాడన్నమాట. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించెను. ఓడవర్తకులు నిర్ణీతమైన సుంకము చెల్లించిన చాలుననియు, తక్కిన సొత్తు వారిదేననియు రాతిమీద మాటయిచ్చెను.

ఈ అభయము గొప్పదే. కాని ఇది ఒక రాజు తన రేవునందు ఇచ్చిన అభయము. అదే గాలి ఆ ఓడను మోటుపల్లికి గాక మరొక రేవునకు నెట్టినచో అచ్చటి ప్రభువు దయ, ఆ వర్తకుని ప్రాప్తము. ఒక సముద్రము చుట్టునున్న దేశములన్నియు కూడి, గాలివాన వేళ ఒకరికొకరు అభయమిచ్చుకొనుట సాధ్యమా? సాధ్యమైనచో అది ఎంత దూరము పోగలదు? ఈ ప్రశ్నకు బంగాళాఖాతపు చరిత్ర చెప్పు సమాధానమును ఈ ప్రసంగమున పరిశీలింతము. తుపాను హెచ్చరికలు చదువుట మా వృత్తిలో భాగము గనుక ఈ విషయము మాకు పుస్తకములలోని చరిత్ర మాత్రమే కాదు.

మన తూర్పు తీరమునకు ఆవల పరచుకొనియున్న సముద్రము మన ఒక్కరి సొత్తు గాదు. పడమట భారతదేశము, నైరుతిన శ్రీలంక, ఉత్తరమున బంగ్లాదేశము, తూర్పున మయన్మారు, అనగా పూర్వపు బర్మా, దాని నానుకొనియున్నవి. అండమాను దీవులకు అవతలి జలములతో థాయిలాండు, ఇండోనేషియాలకును సంబంధము కలదు. ఆ జలములలో అల్పపీడనముగా పుట్టి, వాయుగుండమై, తుపానుగా బలపడిన గాలి నెల్లూరునకు రావచ్చును, శ్రీకాకుళమునకు రావచ్చును, దారిలో మలుపు తిరిగి చిట్టగాంగునకో, ఇరావతీ నదీముఖమునకో పోవచ్చును. పుట్టినచోటు ఒకరిది, పెరిగినచోటు వేరొకరిది, పడినచోటు ఇంకొకరిది.

మరియొక విశేషము. ఉత్తరమునకు పోవుకొలది ఈ సముద్రము గరాటివలె సన్నగిలును, లోతును తగ్గును. తుపాను నెట్టుకొనివచ్చిన నీరు ప్రక్కలకు పోవు వీలులేక పైకి లేచి భూమిమీద పడును. దానినే మనవారు ఉప్పెన అందురు. గాలి ఇండ్లను కూల్చును, చెట్లను పెకలించును. కాని మనుష్యులను ఎక్కువగా పొట్టనబెట్టుకొనునది ఉప్పెనయే. ప్రపంచ చరిత్రలో అత్యధిక ప్రాణనష్టము కలిగించిన తుపానులలో పెక్కులు ఈ ఒక్క సముద్రమునందే పుట్టుటకు కారణమిదియే.

గోదావరి ముఖమున, కాకినాడకు దగ్గర, కోరంగి యను రేవు ఒకప్పుడు ఓడలతో కళకళలాడెడిది. 1789లోను, మరల 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని ముంచివేసినవి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడ్డింగ్టన్ అను ఆంగ్లేయుడు ఈ సముద్రమున ప్రయాణము చేసిన ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ దినమున, ఏ గంటకు, గాలి ఎటునుండి వీచినదో సరిపోల్చి చూచెను. గాలివానలో గాలి సూటిగా వీచదనియు, చుట్టచుట్టుకొన్న పామువలె ఒక కేంద్రము చుట్టును తిరుగుననియు నావికులకు బోధపరచుటకై, 1848లో ప్రచురించిన గ్రంథమున 'సైక్లోన్' అను క్రొత్త పదమును గ్రీకు భాషనుండి కల్పించెను. నేడు లోకమంతయు వాడుకొనుచున్న ఆ మాట మన సముద్రపు గాలివానలను చూచి పుట్టినదని మనలో పెక్కుమందికి తెలియదు.

1864వ సంవత్సరము అక్టోబరు 5న కలకత్తాను ఒక తుపాను పాడుచేసెను. నెల తిరుగకుండగనే, నవంబరు 1న, మరియొకటి మచిలీపట్టణముపై పడి సుమారు 30,000 మందిని బలిగొనెను. మరుసటి సంవత్సరమే కలకత్తా రేవున తుపాను హెచ్చరికల పద్ధతి మొదలయినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. బర్మా కూడ ఆ ప్రభుత్వము క్రిందికి వచ్చిన పిమ్మట ఈ తీరములో అధికభాగము ఒకే పాలనలో నుండెను. ఒకచోట గాలి మారినచో మరొకచోటికి తంతి పోవుటకు అడ్డులేదు. అయితే ఆ హెచ్చరికలు ముఖ్యముగా ఎవరి కొరకు? ఓడల కొరకు, ఓడలలోని సరుకు కొరకు. రేవులో స్తంభముపై ఎగురవేసిన ప్రమాద సూచికను చూచి నౌకాధిపతి లంగరు దించుకొనెడివాడు. ఇసుకదిబ్బల వెనుక తాటాకు పాకలో నిదురించు పల్లెకారునకు ఆ సూచిక వలన కలిగిన మేలు స్వల్పము.

1937లో బర్మా వేరుపడెను. 1947, 1948 సంవత్సరములలో ఈ తీరమునందలి దేశములు ఒకదాని వెంట నొకటి స్వతంత్రములయినవి. స్వాతంత్ర్యము అందరు కోరినదే, అందరకు రావలసినదే. కాని దానితోపాటు ఒక చిక్కు వచ్చినది. సముద్రము ఒక్కటిగనే యున్నది. దానిని కనిపెట్టు కన్నులు మాత్రము పలు దేశములకు పంచబడినవి. భారత, పాకిస్తానుల నడుమ మనస్పర్థలు ముదిరినకొలది ఈ చిక్కును బిగిసినది.

ఆ స్థితిలో 1970వ సంవత్సరము నవంబరు 12వ తేదీ రాత్రి వచ్చినది. నాటి తూర్పు పాకిస్తానులో, గంగా బ్రహ్మపుత్రల సంగమజలములు సముద్రమున కలియుచోట, భోలా మొదలగు దీవులపై తుపాను పడెను. సముద్రము పోటుమీద నున్న వేళ అది. దీవులకు దీవులు నీట మునిగినవి. మరణించినవారు తక్కువలో తక్కువ మూడులక్షలనియు, ఐదులక్షలుండవచ్చుననియు అంచనా. నమోదైన తుపానులలో ఇంతటి ప్రాణనష్టము మరెన్నడును లేదు. తుపాను వచ్చుచున్నదను సంగతి ఆ ప్రజలలో చాలమందికి ముందుగానే తెలిసియుండెననియు, గట్టి కట్టడములలో తలదాచుకొన్నవారు మాత్రము బహుస్వల్పమనియు తరువాత జరిగిన పరిశీలనలలో తేలినది. ఎటు పోవలెనో చెప్పినవారు లేరు. పోవుటకు చోటును లేదు. ఈ వాక్యమును వ్రాయునప్పుడు మా చేయి కొంత తడబడుచున్నది. మాట చేరుట వేరు, మాట మనిషిని కదలించుట వేరు అన్న సత్యము మావంటి వారికి ఇంతకన్న కఠినముగా ఎవరు చెప్పగలరు?

ఆ సంవత్సరాంతముననే ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ తుపానుల బాధను తగ్గించు ఉపాయములు చూడవలసినదిగా ప్రపంచ వాతావరణ సంస్థను కోరెను. 1971లో యుద్ధము జరిగినది, బంగ్లాదేశము అవతరించినది. 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా ప్రాంతపు ఆర్థిక సంఘము కలిసి, బంగాళాఖాతము, అరేబియా సముద్రముల దేశముల కొరకు తుపానుల ప్యానెలును స్థాపించినవి. తేదీలను గమనింపుడు. యుద్ధము ముగిసి ఏడాదియైనను నిండని కాలమది. మనసులు చల్లారినవి కావు. అయినను, గాలి సంగతి ఒకరికొకరు చెప్పుకొనవలెనన్న ఒక్క పనికి దారి ఏర్పడినది. నేడు భారత, పాకిస్తాను, బంగ్లాదేశములు మూడును ఆ ప్యానెలున సభ్యులే.

ఈ ఏర్పాటు ఎట్లు పనిచేయునో క్లుప్తముగా చెప్పుదుము. సభ్యదేశములు తమ తమ పరిశీలన కేంద్రములు కొలిచిన గాలి వేగమును, పీడనమును, వర్షమును పరస్పరము తెలుపుకొనును. ఓడలు, సముద్రమున తేలుచుండు యంత్రపు బోయలు, రాడార్లు, ఉపగ్రహములు మిగిలిన సమాచారము నిచ్చును. 1988 నుండి ఢిల్లీలోని వాతావరణ కేంద్రము ఈ ప్రాంతమునకంతకు తుపాను కేంద్రముగా గుర్తింపబడి, పుట్టిన ప్రతి తుపానును వెంబడించి, అది ఎటు సాగునో, ఎంత బలపడునో సభ్యదేశములకు సలహాపత్రములు పంపుచున్నది. ఇచ్చట సలహా అన్న మాట ముఖ్యమైనది. ఢిల్లీ కేంద్రము పొరుగుదేశపు ప్రజలకు ఆజ్ఞలీయదు, ఈయరాదు. ఎవరి ప్రజలకు వారి ప్రభుత్వమే హెచ్చరిక చేయవలెను. ఏ దేశపు అధికారమునకును భంగము లేదు గనుకనే ఈ పొత్తు ఇన్నేండ్లు నిలిచినది. దాని బలహీనతయు అందే యున్నది. ఆ సంగతి ముందు చెప్పుదుము.

తుపానులకు పేర్లు పెట్టు ఆచారమును ఈ పొత్తుననుండి వచ్చినదే. 2000వ సంవత్సరమున ఒమాను రాజధాని మస్కట్‌లో జరిగిన ప్యానెలు సమావేశమున ఈ విషయమై అంగీకారము కుదిరినది. ఎనిమిది దేశములు తలా ఎనిమిది పేర్లిచ్చినవి. మొత్తము 64 పేర్ల పట్టిక సిద్ధమై, 2004 నుండి వాడుకలోనికి వచ్చినది. కోట్లకొలది జనముగల భారతదేశమునకు ఎనిమిది పేర్లు, చిన్న దీవుల దేశమైన మాల్దీవులకును ఎనిమిదే. 2010 మే నెలలో బాపట్ల వద్ద తీరము దాటిన 'లైలా'కు పేరు పెట్టినది పాకిస్తాను. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును అతలాకుతలము చేసిన 'హుద్ హుద్' ఒమాను ఇచ్చిన పేరు. అది నెత్తిమీద ఈకల కుచ్చుగల ఒక పక్షి. 2018 అక్టోబరులో శ్రీకాకుళమునందలి ఉద్దానపు కొబ్బరితోటలను నేలమట్టము చేసిన 'తిత్లీ' పాకిస్తాను ఇచ్చినది. ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థము. 2020 మే నెలలో 'అంఫాన్'తో మొదటి పట్టిక ముగిసినది. రెండవ పట్టికలో 13 దేశములు తలా 13 వంతున 169 పేర్లు చేర్చినవి. పేరు చిన్నదిగా నుండవలెను, ఎవరి మతమును గాని రాజకీయమును గాని నొప్పింపరాదు, పలుకుటకు సులభముగా నుండవలెను అన్నవి నియమములు. పొరుగువాడు పెట్టిన పేరును మన ప్రకటనకర్త చదువుట, మనము పెట్టిన పేరును వారు చదువుట చిన్న మర్యాదయే. కాని రాయబారములు సాగని దినములలోను ఆ మర్యాద తప్పలేదు.

ఇక బలహీనత మాట. 2008 మే 2వ తేదీన 'నర్గిస్' అను తుపాను మయన్మారులోని ఇరావతీ నదీముఖమున పడెను. ఢిల్లీ కేంద్రము దాని రాకను గూర్చి ఆ దేశపు అధికారులకు కొన్ని దినములు ముందునుండియే తెలుపుచువచ్చెను. సరిహద్దు వరకు వార్త భద్రముగా చేరినది. అచ్చటినుండి పల్లెలకు తగినట్లు చేరలేదు. ఉప్పెన ఎంత యెత్తున రాగలదో, ఎచ్చటికి తరలిపోవలెనో ఆ బీదజనమునకు చెప్పి కదలించినవారు లేరు. మరణించినవారు, కనబడకపోయినవారు కలిసి లక్షా ముప్పదియెనిమిది వేలకు పైబడిరి. దేశముల నడుమ పొత్తు ఎంత చక్కగానున్నను, దేశము లోపల గుమ్మము మూసియున్నచో ఆ పొత్తు గుమ్మము కడనే ఆగిపోవును.

దీనికి ప్రతిగా బంగ్లాదేశపు చరిత్రను చూడవలెను. 1970 నాటి దుఃఖమునుండి 1972లో అచ్చట తుపాను సంసిద్ధతా కార్యక్రమము పుట్టెను. ఊరూర స్వచ్ఛంద సేవకులను నియమించి, వారి చేతికి ట్రాన్సిస్టరు రేడియోలను, కేకవేయుటకు మెగాఫోనులను ఇచ్చిరి. రేడియోలో విన్నది ఇంటింటికి చెప్పుట వారి పని. అయినను 1991 ఏప్రిల్ 29న వచ్చిన తుపానులో సుమారు 1,38,000 మంది మరణించిరి, ఆశ్రయభవనములు చాలలేదు. మరల కట్టిరి, మరల సేవకులను పెంచిరి. 2007లో 'సిద్ర్' అను భీకరమైన తుపాను వచ్చినప్పుడు మరణములు మూడువేల నాలుగువందలు. అదియు తక్కువ సంఖ్య గాదు, ఒక్కొక్కటి ఒక ప్రాణము. కాని 1970 నాటి లెక్కతో పోల్చినప్పుడు మనుష్యప్రయత్నము వృథాగాదని తెలియును.

మన తీరపు లెక్కయు ఇట్టిదే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన పడినప్పుడు సుమారు పదివేలమంది పోయిరి. ఆ పిమ్మట తీరమున తుపాను షెల్టర్లు వెలసినవి, రోడ్లు పడినవి. 1990 మే నెలలో దాదాపు అంతటి బలముగల తుపాను మచిలీపట్టణపు చాయల తీరము దాటినప్పుడు, లక్షలమందిని ముందుగా తరలించిరి. మృతులు వెయ్యిమందికి లోపు. 2013 అక్టోబరులో 'ఫైలిన్' ఒడిశాలోని గోపాలపురము వద్ద పడినప్పుడు పదిలక్షలకు పైగా జనమును తరలించిరి. మృతుల సంఖ్య యాభైకి లోపు. ఇదంతయు పొరుగుదేశముల పొత్తు వలననే సాధ్యమైనదని మేము చెప్పము. ఉపగ్రహములు, షెల్టర్లు, రోడ్లు, రెవెన్యూ సిబ్బంది, సేవకులు అందరి పాలును ఇందులో కలదు. అయితే తుపాను ఎటు వచ్చునో నాలుగు దినములు ముందు తెలియనిచో ఈ తరలింపు సాగదు. అది తెలియుటకు సముద్రము నాలుగు వైపుల నుండియు వార్త రావలెను.

ఏర్పాటు లేనిచోట ఏమి జరుగునో 2004 డిసెంబరు 26 చూపినది. సుమత్రా దీవి కడ భూకంపము పుట్టినది. సునామీ అల మన తీరమునకు చేరుటకు రెండుగంటలకు పైగా పట్టినది. ఆ రెండు గంటలలో ఒక దేశము మరొక దేశమునకు చెప్పు పద్ధతి ఏదియు ఈ సముద్రమున లేకుండెను. హిందూమహాసముద్ర తీరములన్నిటను కలిపి రెండులక్షలకు మించి మరణించిరి. ఆ పిమ్మట యునెస్కో ఆధ్వర్యవమున తీరదేశములు కూడి హెచ్చరికల వ్యవస్థను నిర్మించుకొన్నవి. మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున 2007 అక్టోబరులో సునామీ హెచ్చరికల విభాగము ప్రారంభమైనది. 2011 నుండి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి అది తక్కిన దేశములకును సమాచార మిచ్చుచున్నది. సముద్రమునకు ఎంతో దూరముననున్న హైదరాబాదు, సముద్రమును రేయింబవళ్లు కనిపెట్టుచున్నదన్నమాట.

గాలి విషయమున త్వరగా కలిసినవారు నేల విషయమున అంత త్వరగా కలియలేదు. 1970 తుపాను పిమ్మట హరియభంగా నదీముఖమున ఒక చిన్న ఇసుకదీవి పైకి తేలెను. భారతదేశము దానిని న్యూమూర్ అనెను. బంగ్లాదేశము దక్షిణ తల్పట్టి అనెను. మనుష్యుడు నివసింపని ఆ దీవికై రెండుదేశములు ఏండ్ల తరబడి వాదులాడినవి. తుపాను పిమ్మట తేలిన దీవిని చివరకు సముద్రమే మరల తీసికొనెను. 2010 నాటికి అది పూర్తిగా మునిగినదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మిగిలిన సముద్రసీమల తగవును న్యాయస్థానములు తీర్చినవి. 2012లో బంగ్లాదేశ, మయన్మారుల నడుమను, 2014లో బంగ్లాదేశ, భారతదేశముల నడుమను అంతర్జాతీయ న్యాయమండలులు గీత గీసినవి. రెండవ తీర్పున వివాదప్రదేశములో అధికభాగము బంగ్లాదేశమునకు పోయినను భారతదేశము దానిని శిరసావహించెను. పెద్దదేశము చిన్నదేశముతో తగవును తీర్పునకు విడిచి, ఓడిన మేరకు ఒప్పుకొనుట ఈ సముద్రపు చరిత్రలో గుర్తుంచుకొనదగిన ఘట్టము.

విశాలమైన పొత్తు కొరకును ప్రయత్నములు సాగినవి. 1997 జూన్‌లో బాంకాకున భారత, బంగ్లాదేశ, శ్రీలంక, థాయిలాండులు ఒక కూటమిగా ఏర్పడినవి. తరువాత మయన్మారు, నేపాలు, భూటానులు చేరినవి. అదియే బిమ్‌స్టెక్. దాని కార్యాలయము ఢాకాలో 2014లో గాని తెరువబడలేదు. దాని నియమావళిపై 2022లో గాని సంతకములు కాలేదు. అది అమలునకు వచ్చుటకు 2024 రావలసివచ్చెను. ఇరువదియైదేండ్లకు పైగా పట్టిన ఈ ఆలస్యమును చూచి నవ్వువారున్నారు. మేము నవ్వము. వర్తకము, రహదారులు, రేవులు, చేపలు అన్నవి లాభనష్టముల విషయములు. ఒకరికి వచ్చినది వేరొకరికి పోయినదేమో యన్న శంక విడువదు. గాలివాన వార్తయందు ఆ శంకకు తావులేదు. నేను నీకు చెప్పుటవలన నాకు తరిగినదేమియు లేదు. నీవు నాకు చెప్పకపోవుటవలన నీకు మిగిలినదేమియు లేదు. ఈ సముద్రపు దేశములు కలిసి పనిచేయుట నేర్చుకొన్నది ఇట్టి సులభమైన పాఠముతోనే. కఠినమైన పాఠములు ఇంకను మిగిలియున్నవి. వేటకు పోయి, తెలియక గీత దాటి, పొరుగుదేశపు జైలులో నెలలకొలది మగ్గు జాలరుల సంగతి వాటిలో మొదటిది. సముద్రమున గీత కంటికి కనబడదు; ఇంటివద్ద ఎదురుచూచు భార్యాబిడ్డలకు ఆ గీత మాత్రమే కనబడును.

గణపతిదేవుని అభయము రాతిమీద నున్నది. ఒకసారి చెక్కిన చాలును. మన కాలపు అభయము గాలిలో పోవు మాట. తుపాను వచ్చిన ప్రతిసారియు దానిని క్రొత్తగా చెప్పవలెను, క్రొత్తగా వినవలెను, క్రొత్తగా నమ్మవలెను. అండమాను కడ పుట్టిన గాలిని ఎవరో కొలిచి, ఎవరికో పంపి, వారు లెక్కకట్టి, మాకు చేర్చగా, మేము మీకు చదువుదుము. ఆ గొలుసులో చివరి కడియము మా స్టూడియోలో లేదు. మీ ఇంట నున్నది. రానున్న ఆశ్వయుజ కార్తికములలో, వినని పేరు గల తుపాను ఒకటి వచ్చుచున్నదని మేము చదువునప్పుడు, మీ రేడియో పెట్టెకు బ్యాటరీలు సిద్ధముగా నున్నవో లేవో ఒకసారి చూచుకొనుడు. కరెంటు పోయిన రాత్రి, రేడియో లేని పొరుగింటి తలుపు తట్టి, విన్నది విన్నట్లు చెప్పుడు.